బండివాడి ప్రశ్న

మన సాహిత్య విమర్శకులు చర్చలను గురించి చాలా వ్రాశారు. గ్రాంథిక వ్యావహారిక వివాదం, వస్తువు ప్రధానమా రూపం ప్రధానమా అన్న తగాదా, కవిత్వ ప్రయోజనాన్ని గురించి పండితులు చేసుకున్న వాదోపవాదాలు – యివన్నీ మన విమర్శ చరిత్రలో అధ్యాయాలు. కాని దేశంలో రోజూ జరిగే చర్చల్లో అధికభాగం పండితుల మధ్య జరగవు. టీ దుకాణం బల్ల మీద, హాస్టలు గదిలో, రైలుపెట్టెలో, పొలం గట్టున జరుగుతాయి. గ్రహణం యెందుకు పడుతుంది? అమెరికావాడు యిప్పుడు యెవరి మీద బాంబులు వేస్తున్నాడు? నిన్న రాత్రి బోరు మోటారు యెందుకు కాలిపోయింది? యీ మూడు ప్రశ్నలూ ఒక్క టీ తాగేలోపల, నిపుణులు కానివారి నోట, ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

యీ రకం చర్చకు మన భాషలో గౌరవమైన పేరు కూడా లేదు. లోకాభిరామాయణం అంటాం, పిచ్చాపాటీ అంటాం, రచ్చబండ కబుర్లు అంటాం. పేరు పెట్టడంలోనే తీర్పు చెప్పేస్తాం. పనిలేనివాళ్ళు తమకు సంబంధం లేని విషయాలను గురించి తెలిసీ తెలియక మాట్లాడుకోవడం అని ఆ తీర్పుకు అర్థం. యీ తీర్పు న్యాయమైనదేనా? సామాన్యులు శాస్త్రాన్ని గురించీ, ప్రపంచ రాజకీయాలను గురించీ, చేతిలోని పనిముట్టును గురించీ మాట్లాడుకునే తీరును మన సాహిత్యం యెలా చూపింది? అందులో మంచి చర్చ యేదో, పనికిమాలిన చర్చ యేదో తేల్చడానికి గీటురాయి యేది? యీ వ్యాసంలో నేను పరిశీలించదలచినది యిదే. యిది సాహిత్యం దగ్గర ఆగిపోయే ప్రశ్న కాదు. తమ ప్రపంచాన్ని గురించి తాము మాట్లాడుకునే హక్కు ప్రజలకు వుందా లేదా అన్నది దీనితో ముడిపడి వుంది.

ఆధునిక తెలుగు సాహిత్యంలో యీ విషయం వెతికేవాడు మొట్టమొదట “కన్యాశుల్కం” దగ్గర ఆగవలసిందే. 1892లో మొదటిసారి ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా తిరగవ్రాయబడిన యీ నాటకంలో గిరీశం నోటికి అడ్డులేదు. కాంగ్రెసు, సంఘసంస్కారం, ఇంగ్లీషు చదువు, దేశోద్ధరణ – అతనికి రాని విషయం లేదు. తానొక బండివాడికి గంటల తరబడి నేషనల్ కాంగ్రెసు గురించి ఉపన్యాసమిచ్చాననీ, అంతా విన్న తర్వాత ఆ మనిషి తమ వూళ్ళో హెడ్డు కనిస్టేబును కాంగ్రెసువారు యెప్పుడు బదిలీ చేస్తారని అడిగాడనీ ఒకచోట వెంకటేశంతో చెప్పుకుంటాడు. ఉపన్యాసమంతా బూడిదలో పోసిన పన్నీరయిందని అతని బాధ.

డిగ్రీ తరగతిలో యీ భాగం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. యెవరిని చూసి నవ్వుతున్నారని నేను అడుగుతాను. మొదట అందరూ బండివాణ్ణి చూసే అంటారు. కాంగ్రెసు అంటే యేమిటో తెలియదు, దేశం అంటే యేమిటో తెలియదు, వాడికి తెలిసిందల్లా కనిస్టేబు! కొంచెం ఆలోచించమంటే, కాదు, గిరీశాన్ని చూసి నవ్వాలంటారు. యీ రెండో జవాబు మొదటిదానికన్నా మంచిదే. కాని అదీ చాలదు. గిరీశం బూటకపు మనిషి కాకుండా నిజాయితీపరుడైన కాంగ్రెసువాదే అయివుంటే అప్పుడు బండివాడి ప్రశ్న మూర్ఖపు ప్రశ్న అయిపోతుందా?

ఆ కాలంలో పల్లెటూరివాడికి బ్రిటిషు సామ్రాజ్యం యెక్కడ కనబడేది? లండన్‌లో కాదు, కలకత్తాలో కాదు, వూరి పోలీసు ఠాణాలో కనబడేది. పోలీసు వ్యవస్థ లంచగొండిదనీ, ప్రజలను పీడించేదనీ 1902-03లో ఫ్రేజరు అధ్యక్షతన పనిచేసిన ప్రభుత్వ కమిషనే చెప్పవలసి వచ్చింది. అటువంటప్పుడు ఒక రాజకీయ సంస్థ శక్తిని కొలవడానికి కనిస్టేబు బదిలీకన్నా సరైన కొలత బండివాడికి యేమి దొరుకుతుంది? “మీరు చెప్పే పెద్ద విషయం నా బతుకులో యెక్కడ తగులుతుంది?” అని అతను అడిగాడు. ఉపన్యాసంలో లేనిదేదో సరిగ్గా దాని మీదనే వేలు పెట్టాడు. నిజానికి గంటల తరబడి సాగిన ఆ వ్యవహారంలో చర్చ అనదగింది ఆ ఒక్క వాక్యమే. తక్కినదంతా ఒకడు మాట్లాడటం, ఒకడు వినడం.

గురజాడ యీ సంగతి యెరుగును. ఐతే ఒక పరిమితిని కూడా పాఠకులు గమనించాలి. ఆ బండివాడి మాట మనకు గిరీశం నోటి ద్వారానే అందుతుంది, అతని వెక్కిరింతలో మునిగి అందుతుంది. అతను అడిగిన ప్రశ్న మనకు మిగిలింది. ఆ ప్రశ్నకు ముందు అతను యేమనుకున్నాడో, తర్వాత తోటి బండివాళ్ళతో యేమన్నాడో మిగలలేదు. మన సాహిత్యంలో సామాన్యుల చర్చకు జరిగిన అన్యాయమంతా యీ చిన్న సంఘటనలో ఇమిడి వుంది.

“కన్యాశుల్కం” తర్వాత పానుగంటివారి “సాక్షి” వస్తుంది. 1913లో “సువర్ణలేఖ”లో మొదలై, తర్వాత “ఆంధ్రపత్రిక”లో కొనసాగిన యీ వ్యాసాలకు ఇంగ్లండులో 1711లో అడిసన్, స్టీలు నడిపిన “స్పెక్టేటర్” ఆదర్శం. అక్కడ క్లబ్బు, యిక్కడ సాక్షిసంఘం. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి – అయిదుగురు సభ్యులు. పేర్లు చూస్తే చక్కని చర్చకు కావలసిన సరంజామా అంతా వుంది. శాస్త్రి వున్నాడు, కవి వున్నాడు, వర్తకుడు వున్నాడు. ఒకే విషయం యీ అయిదుగురికీ అయిదు విధాలుగా కనబడాలి. కాని ఆచరణలో జరిగిందేమిటి? జంఘాలశాస్త్రి లేచి నిలబడతాడు, గొంతు సవరించుకుంటాడు, వ్యాసం ముగిసేదాకా కూర్చోడు. ఆ వాగ్ధాటి అసామాన్యం, తెలుగు వచనానికి అది చేసిన మేలు కాదనలేనిది. ఐనా సెట్టిగారికి తన కొట్టులోని లెక్కను బట్టి ఒక్క ప్రశ్న వేసే అవకాశం రాకపోవడం ఆ రచనల్లో పెద్ద లోటు. సంఘం పేరుకే సంఘం. అది ఒక వేదిక, ముందు కొన్ని కుర్చీలు.

యిది పానుగంటి ఒక్కడి లోపం కాదు. మాట్లాడే అధికారం పుట్టుకతోనో, చదువుతోనో వస్తుందనుకునే సమాజంలో సంభాషణ ఉపన్యాసంగా మారిపోవడం సహజం. భూస్వామ్య సంస్కృతి మన చర్చల మీద వేసిన ముద్ర యిది. దానిని గుర్తించకుండా మన వేదికలలోనైనా, మన అధ్యయన తరగతులలోనైనా మార్పు రాదు. వక్త గంటన్నర మాట్లాడిన తర్వాత “సందేహాలుంటే అడగండి, కాలం మించిపోయింది, క్లుప్తంగా అడగండి” అనే సభలు అభ్యుదయవాదులలో మాత్రం తక్కువా?

సంభాషణను సంభాషణగా నిలిపే ప్రయత్నం ఒకటి 1910లోనే జరిగింది. అది గురజాడ “ముత్యాల సరాలు”. ఆ సంవత్సరం హాలీ తోకచుక్క కనబడింది. గేయంలో భార్యాభర్తలు మాట్లాడుకుంటారు. నేపథ్యంలో సహపంక్తి భోజనం మీద చెలరేగిన గగ్గోలు వుంది. తోకచుక్క అరిష్టమన్న నమ్మకాన్ని భర్త తోసిపుచ్చి, దాన్ని దూరపు చుట్టంగానూ, సంఘసంస్కరణకు పతాకంగానూ చూస్తాడు. ఆకాశంలోని శాస్త్ర విషయం, సంఘంలోని కులసమస్య, యింట్లోని ఆలుమగల అలక – మూడూ ఒకే గేయంలోకి రావడం తెలుగులో కొత్త. ఖగోళశాస్త్రం పద్యానికి అలంకారంగా కాక వాదంలో ఆధారంగా వచ్చింది. యిల్లాలు యిక్కడ వూరికే తలవూపే శ్రోత కాదు, ఆమెకు తన అభ్యంతరాలున్నాయి. యింట్లో అభ్యంతరం వుంది గనుకనే కవికి వాదించవలసిన అవసరం కలిగింది.

యీ సందర్భంలో ఒక అపోహను తొలగించాలి. తోకచుక్కను చూసి భయపడింది మన పల్లెటూళ్ళే కాదు. ఆ తోకలో సయనోజన్ అనే విషవాయువు వున్నట్లు వర్ణపట పరిశీలనలో తేలింది. 1910 మే నెలలో భూమి ఆ తోకలోనుంచి వెళ్ళనున్నదని లెక్క కట్టారు. ఫ్రెంచి ఖగోళ రచయిత ఫ్లమారియన్ ఆ వాయువు భూమి వాతావరణంలో కలిసి ప్రాణులను చంపవచ్చునన్నాడని పత్రికలు వ్రాశాయి. తోక చాలా పలచనిదనీ, యేమీ కాదనీ తక్కిన శాస్త్రజ్ఞులు చెప్పినా జనం వినలేదు. అమెరికాలో తోకచుక్క నుంచి రక్షించే మాత్రలు అమ్మారు, కొన్నారు. అంటే భయానికి కారణం నిరక్షరాస్యత ఒక్కటే కాదు. సగం విన్న శాస్త్రం, దాన్ని అమ్ముకునే పత్రిక, దానిమీద లాభం తీసే వ్యాపారి – యీ ముగ్గురూ కలిస్తే పారిస్, న్యూయార్కు నగరాలు కూడా వణుకుతాయి.

మరి బండివాడి ప్రశ్నను తోకచుక్క మీద ప్రయోగిస్తే యేమవుతుంది? “అది నా బతుకులో యెక్కడ తగులుతుంది” అని అడగవచ్చు. కాని తోకచుక్క దూరాన్ని అతను కొలవలేడు, తోకలోని వాయువును పరీక్షించలేడు. కనిస్టేబు బదిలీ అయ్యాడో లేదో ఠాణాకు వెళ్ళి చూసుకోవచ్చు, ఆకాశానికి వెళ్ళి చూసుకోలేడు. యిక్కడ రెండో ప్రశ్న ఒకటి అవసరమవుతుంది: “చెప్పినవాడికి యెలా తెలిసింది?” హాలీ 1705లో తన లెక్క ప్రచురించి, 1682లో కనబడిన తోకచుక్క 1758లో మళ్ళీ వస్తుందన్నాడు. ఆయన 1742లో చనిపోయాడు, తోకచుక్క 1758 డిసెంబరులో కనబడింది. తెలిసిన తీరు యిది. దీన్ని యెవరికైనా చెప్పవచ్చు, యెవరైనా అర్థం చేసుకోవచ్చు. 1986లో మళ్ళీ వచ్చింది, 2061లో వస్తుంది. పంచాంగం చెప్పేవాడిని యిదే ప్రశ్న అడిగితే అరిష్టానికి ఆధారం చూపలేడు.

మొదటి ప్రశ్న ప్రయోజనాన్ని అడుగుతుంది, రెండోది ఆధారాన్ని అడుగుతుంది. సామాన్యుల చర్చకు నేను ప్రతిపాదించే గీటురాయి యీ రెండు ప్రశ్నలే. మాట్లాడేవాడికి డిగ్రీ వుందా లేదా అన్నది కాదు, వాడిన పదాలు యెంత పెద్దవన్నది కాదు. యీ రెండూ అడగడానికి ఆ చర్చలో చోటుందా లేదా అన్నదే కొలత.

యీ కొలతతో చూస్తే కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) స్థానం ప్రత్యేకమైనది. ఆయన భౌతికశాస్త్ర విద్యార్థి, కాని వృత్తిచేత శాస్త్రజ్ఞుడు కాదు. కథకుడు, పత్రికా సంపాదకుడు. 1952 నుంచి చివరిదాకా “చందమామ”ను తీర్చిదిద్దాడు. సైన్సు, చరిత్ర, సినిమా, రాజకీయం, సంస్కృతి – అన్నిటి మీదా వ్యాసాలు వ్రాశాడు. విశ్వవిద్యాలయాల దృష్టిలో యివి ఔత్సాహికుడి వ్రాతలు. ఆ వ్యాసాలకు బలం అక్కడే వుంది. మధ్యతరగతి యింట్లో కూర్చుని సందేహం అడిగే మనిషిని కళ్ళముందు పెట్టుకుని వ్రాసినట్లుంటాయి. “చదువు” నవలలో ఆయన చేసింది యిదే పనికి మరో రూపం. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి 1930ల దాకా నడిచే ఆ కథలో ప్రపంచం పల్లెటూరి బడిపిల్లవాడైన సుందరం జీవితంలోకి ఉపన్యాసంగా రాదు. ధరలుగా వస్తుంది, చదువు ఖర్చుగా వస్తుంది, ఆర్థిక సంక్షోభం నిరుద్యోగంగా వస్తుంది. నవలాకారుడు పాఠకుడి తరఫున బండివాడి ప్రశ్న వేసి, జవాబు కూడా కథలోనే వెతికాడు.

ఇంగ్లండులో యిటువంటి పని చేసినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన పేరుమోసిన జన్యుశాస్త్రజ్ఞుడు. 1937 నుంచి కమ్యూనిస్టు దినపత్రిక “డైలీ వర్కర్”లో కార్మికుల కోసం వందల వ్యాసాలు వ్రాశాడు. పాఠకుడికి తెలిసిన రోజువారీ విషయంతో మొదలుపెట్టి, తెలియని శాస్త్ర విషయానికి తీసుకుపోవడం ఆయన పద్ధతి. 1957లో మన దేశానికి వచ్చి, యిక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

ఐతే హాల్డేన్ జీవితంలోనే మనకు ఒక చేదు పాఠం కూడా వుంది, దాన్ని దాటవేయడం అభ్యుదయవాదులకు తగదు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమన్నాడు. 1948లో వ్యవసాయ శాస్త్ర అకాడమీ సమావేశం ఆ అభిప్రాయానికి అధికార ముద్ర వేసింది. అంతకు ముందే, 1943లో, పంటల పుట్టుపూర్వోత్తరాలు వెదకిన గొప్ప శాస్త్రజ్ఞుడు వవిలోవ్ జైలులో చనిపోయాడు. హాల్డేన్ వంటి జన్యుశాస్త్రజ్ఞుడు కూడా కొంతకాలం బహిరంగంగా గట్టిగా కాదనలేకపోయాడు. అప్పుడు ప్రపంచమంతటా వామపక్ష చర్చావేదికల్లో “యెలా తెలిసింది?” అన్న ప్రశ్నకు “అకాడమీ తీర్మానించింది” అన్నది జవాబయింది. ప్రశ్న శత్రువుకే కాని మనవాడికి కాదనుకున్న రోజున అది ప్రశ్నగా మిగలదు. లైసెంకో వల్ల నష్టపోయింది అమెరికా కాదు, సోవియట్ వ్యవసాయమూ, సోవియట్ జీవశాస్త్రమూ.

సాహిత్యం పట్టించుకోకపోయినా, ప్రజల మధ్య యీ రెండు ప్రశ్నలూ బతికే వున్నాయి. దానికి నేను చూపే సాక్ష్యం 1979 నాటి స్కైలాబ్. అప్పటికి నేను పుట్టలేదు. కాని మా పెద్దవాళ్ళు యిప్పటికీ చెప్పుకుంటారు – ఆకాశం నుంచి అమెరికావాడి ఇనుపకొంప పడబోతోందని, యెలాగూ చస్తాం గదా అని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారని. యిది చెప్పి అందరూ నవ్వుతారు. ఆ మీదట 2021లో సినిమా కూడా తీశారు.

నవ్వే ముందు వాస్తవాలు చూద్దాం. 1973 మేలో అమెరికా పంపిన స్కైలాబ్ బరువు సుమారు 77 టన్నులు. సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికన్నా పెరగడం వల్ల భూమి పైపొరల్లోని గాలి వేడెక్కి వ్యాకోచించింది. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ ముందుగానే కిందికి దిగజారింది. దాన్ని మళ్ళీ పైకి నెట్టవలసిన స్పేస్ షటిల్ సమయానికి సిద్ధం కాలేదు. అది మొదటిసారి యెగిరింది 1981లో. 1979 జూలై 11న స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ ప్రాంతంలోనూ పడింది. భూమి మీద యెవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసాయే లెక్క చెప్పింది. ఫలానా మనిషికే తగిలే అవకాశం 60 వేల కోట్లలో ఒకటి. పల్లెటూరివాడి భయం లెక్క తప్పిన మాట నిజం. కాని అది గాలిలోంచి పుట్టిన భయం కాదు.

మా వూళ్ళో ఆ రోజుల్లో ఒక పెద్దాయన అడిగాడని చెప్పుకునే మాట ఒకటి వుంది: “యెవడి నెత్తిన పడుతుందో చెప్పలేనివాడు దాన్ని పైకి యెందుకు పంపాడు? పడితే మన యింటికి డబ్బెవరిస్తారు?” యిది కూడా నవ్వుకోవడానికే చెబుతారు. కాని యిది అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో అసలు ప్రశ్న. అంతరిక్ష వస్తువు భూమి మీద పడి నష్టం చేస్తే పంపిన దేశమే పూర్తి బాధ్యత వహించాలని 1972లో ఒక ఒడంబడిక కుదిరింది. 1978 జనవరిలో అణు రియాక్టరు వున్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడాలో పడింది. కెనడా నష్టపరిహారం అడిగింది. 1981లో సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు యివ్వడానికి వొప్పుకుంది. ఒడంబడిక పేరు వినని రైతు ఆ ఒడంబడికలోని మొదటి సూత్రాన్ని అడిగాడు. బండివాడి ప్రశ్న కనిస్టేబు నుంచి కక్ష్య దాకా పెరిగింది. దీన్ని మనం జోకుగా భద్రపరిచాం, ఆలోచనగా భద్రపరచలేదు.

దీనికి భాష కూడా ఒక కారణం. 1906లో విజ్ఞానచంద్రికా మండలి మొదలైన దగ్గర నుంచి శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న ఉద్యమం గొప్ప సేవ చేసింది. 1968లో యేర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలు తెచ్చింది. కాని పరిభాష అంతా దాదాపు సంస్కృతం నుంచి దిగింది. పొలంలో, మగ్గం గుంటలో, వర్క్‌షాపులో పుట్టే మాటలకు పుస్తకంలోకి ప్రవేశం దొరకలేదు. వాటికి విలువ యిచ్చిన పని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వచ్చిన మాండలిక వృత్తిపదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఆ సంపుటాలను నిఘంటువులుగానే కాక ఆలోచన చరిత్రగా కూడా చదవాలని నా అభిప్రాయం. పడుగు, పేక, నాడె అన్న మాటల వెనుక ఒక యంత్రం యెలా పనిచేస్తుందో తెలిసిన బుద్ధి వుంది.

బోరు మోటారు దగ్గర రైతుల మాటలు వినండి. ఫేజు పోయింది, ఫ్యూజు కొట్టేసింది, లోవోల్టేజీకి కాయిలు కాలింది. వోల్టేజీ తగ్గితే మోటారు మెల్లగా తిరగాలి గాని కాలడమేమిటని చదువుకున్నవాడు ఆశ్చర్యపోవచ్చు. రైతు చెప్పేదే సరి. వోల్టేజీ పడిపోయినా నీళ్ళ భారం తగ్గదు గనుక మోటారు యెక్కువ కరెంటు లాగుతుంది. వైండింగు వేడెక్కి కాలుతుంది. అక్కడి నుంచి మాట వోల్టేజీ యెందుకు తగ్గిందన్న దానిమీదికి పోతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద యెన్ని మోటార్లున్నాయి, కొత్తది యెందుకు వెయ్యరు, బిల్లు యెవరు పెంచుతున్నారు అన్నదాకా పోతుంది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచబ్యాంకు అప్పుతో విద్యుత్ బోర్డును విడగొట్టారు. 2000లో ఛార్జీలు పెంచారు. ఆ పెంపుకు వ్యతిరేకంగా వామపక్షాలు నడిపిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కాలిన కాయిలు దగ్గర మొదలైన మాట వాషింగ్టన్ దాకా వెళ్ళి, తిరిగి అసెంబ్లీ యెదుట నిలబడింది. శాస్త్రం, ప్రపంచ రాజకీయం, చేతిలోని యంత్రం – వీటిని మూడు శాఖలుగా విడదీసింది విశ్వవిద్యాలయం. రైతు బతుకులో అవి విడిగా లేవు, అందుచేత అతని మాటలోనూ విడిగా లేవు. మన కథకులు ఆ ఉద్యమంలో రక్తాన్ని చూశారు, అది న్యాయమే. కాని ఆ రక్తానికి ముందు యేళ్ళ తరబడి గట్ల మీద జరిగిన చర్చను యెంతమంది వ్రాశారు?

యిక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. “మీరు ప్రజల చర్చను ఆకాశానికెత్తుతున్నారు. 2021లో యేమి జరిగింది? కోవిడ్ రెండో అలలో జనం చచ్చిపోతూంటే, అది వైరస్ కాదు, 5జి టవర్ల ప్రయోగమని ఫోన్లలో ప్రచారం నడిచింది. తెలియనివాళ్ళు నోరు మూసుకుని నిపుణులకు వదిలేస్తే యీ అనర్థం వుండదు కదా!” అని అడిగేవారున్నారు.

ఆ ప్రచారం నిజంగానే నడిచింది, హాని చేసింది. కాని దాన్ని విశ్లేషించండి. అందులోనూ శాస్త్రం వుంది, చైనా పేరుతో ప్రపంచ రాజకీయం వుంది, చేతిలో ఫోను వుంది. పైకి చూస్తే రైతుల మోటారు చర్చ లాంటిదే. లేనిది రెండు ప్రశ్నలు మాత్రమే. “మన చుట్టుపక్కల 5జి టవరు యెక్కడుంది?” అని ఒక్కడు అడిగితే సగం కూలిపోయేది. అప్పటికి దేశంలో 5జి పరీక్షలే మొదలు కాలేదని 2021 మేలో టెలికాం శాఖ ప్రకటించింది. సేవలు ప్రారంభమైంది 2022 అక్టోబరులో. “నీకు పంపినవాడికి యెలా తెలిసింది?” అని అడిగితే మిగతా సగం కూలిపోయేది. ఐతే అడగడానికి అక్కడ చోటు యేదీ? అది చర్చ కాదు, ఒక చేతినుంచి మరో చేతికి దాటించడం. గిరీశం ఉపన్యాసం యిప్పుడు అరచేతిలోకి వచ్చింది. బండివాడికి ఆ ఒక్క వాక్యం అనే వ్యవధి కూడా లేకుండా మరో ఉపన్యాసం వచ్చిపడుతున్నది. 1910లో మాత్రలు అమ్మినవాడికి వారసులు యిందులోనూ వున్నారు. మనిషి యెంతసేపు తెర చూస్తే కంపెనీకి అంత లాభం. 2020లో ఇంగ్లండులో యిదే పుకారు నమ్మి టవర్లు తగలబెట్టారని మరిచిపోకూడదు. అక్కడ అక్షరాస్యతకు లోటు లేదు.

కనుక రోగం ప్రజలు మాట్లాడటం కాదు, ప్రజలు ప్రశ్నించే చోట్లు మూతపడటం. నిపుణులు కావాలి. వైద్యం వైద్యుడే చెయ్యాలి, వంతెన ఇంజనీరే కట్టాలి. కాని వంతెన యెక్కడ కట్టాలి, మందు యెవరికి ముందు అందాలి అన్నది నిపుణుడి ఒక్కడి సొత్తు కాదు. తనకు తెలిసిన తీరును సామాన్యుడికి చెప్పే బాధ్యత కూడా నిపుణుడికి వుంది. కేరళలో 1962లో మొదలైన శాస్త్ర సాహిత్య పరిషత్తు, మన దగ్గర 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక యీ బాధ్యతను ఉద్యమంగా తీసుకున్నాయి. 1976లో రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచడం పౌరుడి విధి అన్నది. ఆ విధి నెరవేర్చినందుకు నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పూణేలో కాల్చి చంపారు. “యెలా తెలిసింది?” అన్న ప్రశ్న అంత అమాయకమైనదేమీ కాదు. దాని ఖరీదు దాన్ని అడగనివ్వనివారికి బాగా తెలుసు.

సాహిత్యకారులుగా, అధ్యాపకులుగా మనం చెయ్యగలిగింది యేమిటి? మొదటిది, సామాన్యుల చర్చను హాస్యానికి ముడిసరుకుగా వాడటం మానాలి. పల్లెటూరివాడు ఉపగ్రహాన్ని గురించి మాట్లాడితే నవ్వు పుట్టించడం సులభం. అతని ప్రశ్నలోని తర్కాన్ని పట్టుకోవడం కష్టం. కథకుడి పని రెండోది. అలాగని అతని మాట ప్రతిదీ వేదవాక్కని కొలవనక్కరలేదు. తప్పును తప్పుగా, పాత్ర గౌరవం చెడకుండా చూపవచ్చు. రెండవది, మన సభలలో, అధ్యయన తరగతులలో ఉపన్యాసం తగ్గించి ప్రశ్నకు సగం కాలం యివ్వాలి. మన నాయకుల మాటలకూ అదే నియమం వర్తించాలి. మూడవది, తెలుగు విద్యార్థులకు ప్రాజెక్టు పేరుతో పాత వ్యాసాలు తిరగవ్రాయించడం కంటే, తమ వూళ్ళో జరిగే ఒక చర్చను విన్నది విన్నట్లు, ఆ మాటలతోనే వ్రాసుకు రమ్మనడం మేలు. మోటారు మెకానిక్కు యేమన్నాడు, చేనేత ముసలమ్మ యేమన్నది, యెవరు యేమి అడిగారు, యెవరి జవాబుకు ఆధారం వుంది – యివి వ్రాసి తెస్తే భాషాశాస్త్రానికి పదాలు దొరుకుతాయి, కథకు పాత్రలు దొరుకుతాయి, విమర్శకు కొత్త వస్తువు దొరుకుతుంది.

అలా వ్రాసుకు వచ్చిన కాగితాల్లో ఉపన్యాసం యెంత పొడుగున్నదని నేను చూడను. మధ్యలో ఆపి అడిగిన ఒక్క మనిషి వున్నాడా అని చూస్తాను. వుంటే ఆ వూరు గురించి నాకు దిగులు లేదు.